శుక్రవారం చూసిన ఇల్లు, మంగళవారం ఎక్కిన బస్సు

ఈ ప్రయాణానికి కారణం ఒక తలుపు. వంటింటి తలుపు. అమెరికాలో ఇల్లు వెతికిన తెలుగువాళ్ళకి ఈ బాధ చెప్పనక్కర్లేదు. ఇక్కడ వంటిల్లూ, హాలూ, భోజనాల బల్లా అన్నీ ఒకే గదిలో కలిసిపోయి ఉంటాయి. పొద్దున ఇంగువ పోపు వేస్తే సాయంత్రానికి సోఫా, కర్టెన్లు, అల్మారాలో చలికోట్లు అన్నీ అదే వాసన. ఆఫీసు లిఫ్టులో ఎవరైనా కాస్త గట్టిగా గాలి పీల్చినా నా కోటు గురించే అనుకుని ముడుచుకుపోతాను. అలాంటిది, ఏడాదిగా ఓడిపోతూ వచ్చిన మా వెతుకులాటలో, నిజంగా మూసుకునే తలుపున్న వంటిల్లు ఒకటి కనబడింది. ఇల్లు చూపించిన ఏజెంట్ ఆ గోడ మీద చెయ్యి వేసి, "పాతకాలం ఇల్లు కదా, కావాలంటే దీన్ని పడగొట్టించుకోవచ్చు" అని సంజాయిషీ చెప్పుకున్నాడు. ఆయన లేకపోతే నేను ఆ గోడని కావలించుకునేదాన్ని.

మేము ఉండేది ఎడిసన్‌లో, అద్దె అపార్ట్‌మెంట్‌లో. రెండు బెడ్‌రూముల్లో ఒకటి మా ఆయన ప్రవీణ్ ఆఫీసుగా మారిపోయింది, ఆరేళ్ళ మా సాన్వి మంచం హాల్లోకి వచ్చేసింది. రాత్రి తొమ్మిది దాటితే మేమిద్దరం ఇంట్లో దొంగల్లా తిరుగుతాం. ఎడిసన్‌లో సొంత ఇల్లు కొనాలంటే ధరలు మా అందుబాటులో లేవు. ఆఫర్ వేయడం, ఎవరో మాకంటే ఎక్కువ వేయడం, మళ్ళీ మొదలు. చివరికి పటంలో పడమటి వైపు జరుగుతూ జరుగుతూ, 287 హైవే ఎక్కి 78 హైవే మీదుగా పెన్సిల్వేనియా వైపు ఓ యాభై నిమిషాలు పోతే వచ్చే ఒక చిన్న ఊరు పట్టాం. ఊరి పేరు రాయను. అక్కడ హాయిగా ఉన్నవాళ్ళు నా మీద కోపగించుకోవడం నాకిష్టం లేదు. ఎడిసన్‌లో అదే సైజు ఇంటికి అయ్యే దాంట్లో మూడింట రెండు వంతులకే ఆ ఇల్లు వస్తోంది. మూడు బెడ్‌రూములు, వెనక పెరడు, ఆ తలుపు.

ఇంతకీ అసలు చిక్కు సాన్వి. ప్రవీణ్ మంగళ, బుధ, గురువారాలు ఫిలడెల్ఫియా అవతల క్లయింట్ ఆఫీసుకి వెళ్ళాలి. ఏడు దాటితే గానీ ఇంటికి రాడు. కాబట్టి స్కూలయ్యాక పిల్లల్ని ఉంచుకునే ఆఫ్టర్‌కేర్ నుంచి సాన్విని తెచ్చుకునే పని నాది. నేనూ ఆ మూడు రోజులు వెళ్ళాల్సిన నా ఆఫీసు న్యూయార్క్‌లో, మన్‌హాటన్‌లో. ఎడిసన్‌లో అయితే ట్రైన్ దిగి నేరుగా వెళ్ళి తెచ్చుకుంటాను. ఆ కొత్త ఊళ్ళో ట్రైన్ లేదు. హైవే పక్కన పెద్ద పార్కింగ్ స్థలం ఉంది, కారు అక్కడ పెట్టి న్యూయార్క్ బస్సు ఎక్కాలి. అక్కడి ఆఫ్టర్‌కేర్ సాయంత్రం ఆరింటికి మూసేస్తారు. అంటే మా మూడు బెడ్‌రూములు, పెరడు, వంటింటి తలుపు అన్నీ ఒకే ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉన్నాయి. నేను ఆరింటిలోపు ఆ స్కూలు గుమ్మం దగ్గర ఉండగలనా?

ప్రవీణ్ ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏదీ నమ్మడు, అన్నీ పరీక్షించి చూడాలంటాడు. పెళ్ళిచూపుల్లో నన్ను అడిగిన ప్రశ్నలు ఇప్పటికీ మా చెల్లి చెప్పి నవ్వుతుంది. ఆఫర్ వేసేముందు, "ఒకరోజు నిజంగా వెళ్ళి చూద్దాం, రియల్ కమ్యూట్ లాగా" అన్నాడు. మంచి ఆలోచనే. ఇద్దరికీ వర్క్ ఫ్రమ్ హోమ్ ఉన్న రోజు కాబట్టి, సెలవు పెట్టడం తేలిక కాబట్టి, శుక్రవారం ఎంచుకున్నాం. ఆ శుక్రవారం అంతా వెన్నలా సాగింది. పార్కింగ్ సగం ఖాళీ, బస్సు ముప్పాతిక ఖాళీ. సాయంత్రం నాలుగుంపావు బస్సెక్కి ఐదు ముప్పావుకల్లా స్కూలు ముందున్నాను. శనివారం ఆఫర్ వేశాం, అదే రోజు అమ్మేవాళ్ళు ఒప్పుకున్నారు, సంతకాలు కూడా అయిపోయాయి. ఆ రాత్రి నేను మనసులో మసాలా డబ్బా ఎక్కడ పెట్టాలో కూడా నిర్ణయించేసుకున్నాను.

ఆదివారం సాన్వి స్నేహితురాలి పుట్టినరోజు పార్టీ. ఆ పిల్ల తల్లి మాధవి అక్కకి ఉబ్బితబ్బిబ్బైపోతూ విషయం చెప్పాను. ఆవిడ కేకు కోస్తున్న చెయ్యి ఆపి అడిగింది.

"టెస్ట్ ఏ రోజు చేశార్రా?"

"ఫ్రైడే అక్కా. సూపర్‌గా ఉంది, రోడ్డే ఖాళీ."

"ఫ్రైడేనా! ఫ్రైడే ఎవరెళ్తారే ఆఫీసుకి? అందర్నీ ట్యూస్‌డే, వెన్స్‌డే, థర్స్‌డే రమ్మని చంపుతున్నారు కదా. మా తమ్ముడు అటే ఉండేవాడు. ఫ్రైడే బస్సులో కాళ్ళు చాపుకుని పడుకునేవాడు. మిగతా రోజుల గురించి వాణ్ని అడుగు."

నేను ప్రవీణ్ వైపు చూశాను. పన్నెండేళ్ళుగా టెస్టింగ్‌లో ఉన్న మనిషి, పిల్లల బెలూన్లు పట్టుకుని, తప్పు పట్టుబడ్డ పిల్లాడిలా నిలబడ్డాడు. "ప్రొడక్షన్‌లో చూడాల్సింది టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో చూశా" అన్నాడు మెల్లగా, నిజంగా వాడే చోట చూడాల్సింది ఉత్తుత్తి చోట చూశానని వాళ్ళ భాషలో. ఇంకో రోజైతే ఆ మాటకి పడీపడీ నవ్వేదాన్ని. ఆ రోజు నవ్వు రాలేదు.

మీలో న్యూజెర్సీలో ఇల్లు చూస్తున్నవాళ్ళు ఉంటే ఒక మాట. మా లాయర్ చెప్పిన ప్రకారం, ఇక్కడ సంతకాలయ్యాక మూడు పనిదినాల గడువు ఉంటుంది. ఆలోగా లాయర్ ద్వారా ఒప్పందం వద్దనుకోవచ్చు. మీ లాయర్‌ని మీరు మళ్ళీ అడగండి, నా బ్లాగు చదివి సంతకాలు పెట్టకండి. మాకు ఆ గడువు బుధవారం సాయంత్రంతో తీరిపోతుంది. అంటే మిగిలింది ఒక్క మంగళవారమే. అదృష్టమో ఏమో, ఆ మంగళవారం ఎడిసన్‌లో టీచర్లకేదో శిక్షణ ఉండి సాన్వికి స్కూలు లేదు. ప్రవీణ్ సెలవు పెట్టాడు. నేను పెట్టలేదు. పెడితే పరీక్ష పరీక్ష కాదు కదా.

మంగళవారం తెల్లవారుజామున రెండు కార్లలో బయల్దేరాం. నాది ముందు, ప్రవీణ్‌ది వెనక, అందులో దుప్పటి కప్పుకుని నిద్రపోతున్న సాన్వి. ఫిబ్రవరి చివరి చలి, అద్దాల మీద మంచు గీకి గీకి చేతులు మొద్దుబారాయి. ఆరింటికల్లా ఆ ఇంటి ముందు ఉన్నాం. ప్రవీణ్ నియమం ప్రకారం ప్రయాణం ఇంటి వాకిట్లోంచే మొదలవ్వాలి. ఇంకా మనది కాని ఇంటి ముందు, చీకట్లో, రెండు కార్లు ఇంజిన్లు ఆపకుండా నిలబడితే ఎలా ఉంటుందో మేము ఆలోచించలేదు. కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన నా కారు కిటికీ దగ్గరికి వచ్చి టార్చి వేశాడు.

"ఏమైనా సాయం కావాలా?" అని ఇంగ్లిష్‌లో అడిగాడు. సాయం చేసే గొంతు కాదది.

"ఈ ఇల్లు కొంటున్నాం మేము. ఆఫీసుకి ఎంతసేపు పడుతుందో చూసుకుంటున్నాం."

టార్చి దించి నవ్వాడు. "సిటీకా? అయితే ఇక్కడ నిలబడకు, త్వరగా వెళ్ళు. ఆరుంపావు దాటితే కారు పెట్టుకోవడానికి చోటు దొరకదు."

దొరకలేదు. శుక్రవారం నేను ఎక్కడ పెట్టాలా అని బద్ధకంగా ఎంచుకున్న అదే స్థలంలో, మంగళవారం కార్లు వరసలు దాటి అంచుల మీదికి ఎక్కేశాయి. రెండు చుట్లు తిరిగాను. నా కళ్ళ ముందే ఆరూ ఇరవై అయిదు బస్సు వచ్చింది, జనం ఎక్కారు, వెళ్ళిపోయింది. నేను స్టీరింగ్ పట్టుకుని తెలుగులో నాలుగు మాటలు అన్నాను, అవి ఇక్కడ రాయను. చివరికి చెత్తకుండీ పక్కన, ఇది చోటేనా కాదా అని అనుమానించాల్సిన చోట కారు పెట్టి పరుగెత్తాను. తర్వాతి బస్సు దొరికింది, నడవ పక్క సీటు. నది కిందుగా న్యూయార్క్‌లోకి పోయే లింకన్ టన్నెల్ వైపు పొద్దున పూట బస్సులకి వేరే వరస ఉంటుంది కాబట్టి చివర్లో కాస్త వేగం అందుకుంది. ఎనిమిదిన్నరకి న్యూయార్క్ బస్టాండు పోర్ట్ అథారిటీలో దిగాను. రానూపోనూ టికెట్లకి ముప్ఫై అయిదు డాలర్ల దాకా అయింది, నెల పాస్ తీసుకుంటే తగ్గుతుంది.

ప్రవీణ్‌కి ఫోన్ చేశాను. వాళ్ళిద్దరూ ఆ ఊళ్ళో ఒక డైనర్‌లో పాన్‌కేక్‌లు తింటున్నారు.

"ఎట్లుంది?" అన్నాడు. వాళ్ళది ఒంగోలు, నాది కరీంనగర్. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో కంగారు పడినప్పుడల్లా నా భాష తనకి అంటుకుంటుంది.

"మంచిగనే ఉంది. జర లేటైంది, అంతే. పొద్దున అంటే నడుస్తది."

"పార్కింగో?"

"దొరికింది."

"ఎక్కడ?"

"దొరికింది అన్న కదా, మల్ల ఏంది?"

ఎంత ఇష్టం లేకపోతే మనిషి చెత్తకుండీ పక్క చోటుని పార్కింగ్ అని ఒప్పుకుంటుంది? నాకు ఆ ఇల్లు కావాలి. ఆ రోజంతా నేను పరీక్ష చేయడం లేదు, పరీక్ష పాసవ్వాలని చూస్తున్నాను. ఆ తేడా నాకు పొద్దున్నే తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

ఆఫీసులో కూడా శుక్రవారం, మంగళవారం ఒకటి కావని అక్కడికి వెళ్ళాకే అర్థమైంది. శుక్రవారం మీటింగులుండవు. మంగళవారం మనుషులు కనబడ్డారని ఒకదాని వెనక ఒకటి పెడతారు. మధ్యాహ్నం మూడు నుంచి నా చూపు గోడ గడియారం మీదే. మూడూ యాభైకి లాప్‌టాప్ మూసి బ్యాగులో పెడుతుంటే మా మేనేజర్ వచ్చి బల్ల మీద చెయ్యి ఆనించి, "ఒక్క చిన్న ప్రశ్న" అంది. చిన్న ప్రశ్నలన్నిటికీ పెద్ద జవాబులే ఉంటాయి. కోటు గుండీలు పెట్టుకుంటూనే జవాబు చెప్పాను. ఆవిడ నా గుండీల వైపు చూసింది, గడియారం వైపు చూసింది. వారానికి మూడుసార్లు ఆ చూపు పడాలంటే ఎలా ఉంటుందో ఆలోచిస్తూ లిఫ్టు దిగాను.

పోర్ట్ అథారిటీలో మా బస్సు గేటు ముందు లైను మెట్ల దాకా ఉంది. నాలుగుంపావు బస్సు నిండిపోయి నా ముందు పదిమంది ఉండగా తలుపు మూసుకుంది. తర్వాతి బస్సు కూడా నిండింది. లైన్లో నిలబడి ప్రవీణ్‌కి ఫోన్ చేసి తెలుగులో విసుక్కుంటుంటే, ముందున్నాయన వెనక్కి తిరిగాడు. మెడకి దిండు తగిలించుకుని ఉన్నాడు, యాభై దాటిన మనిషి.

"తెలుగువాళ్ళామ్మా? ఏ ఊరు?"

"ఎడిసన్ అండి."

"అది కాదమ్మా, అసలు ఊరు."

"కరీంనగర్."

"మాది విజయవాడ. నా పేరు శ్రీధర్. తొమ్మిదేళ్ళుగా ఈ లైన్లోనే ఉంటున్నా" అని నవ్వి, నాలుగూ నలభై అయిదు బస్సులో నన్ను కిటికీ పక్క కూర్చోమన్నాడు. "కొత్తవాళ్ళు కిటికీ దగ్గర కూర్చోవాలమ్మా, లేకపోతే ఊపిరాడదు."

బస్సు గేటు లోంచి కదిలి, వంపు తిరిగి, దిగువకి దిగి, అక్కడే ఆగిపోయింది. పొద్దున ఉన్న బస్సుల వరస సాయంత్రం మాకు లేదు. టన్నెల్లోకి వెళ్ళడానికి అందరూ అన్ని వైపుల నుంచీ దూరుతున్నారు. ఐదు దాటింది, మేమింకా న్యూయార్క్‌లోనే ఉన్నాం. నా కాలు దానంతటదే ఊగుతోంది.

"పిల్లలా అమ్మా?" అన్నాడు శ్రీధర్ గారు నా కాలు చూసి.

"పాప అండి. ఆఫ్టర్‌కేర్ ఆరింటికి మూసేస్తరు." ఇది రిహార్సల్ అని చెప్పబోయి ఆగిపోయాను. ఎందుకో చెప్పబుద్ధి కాలేదు. "మీకెట్ల కుదిరిందండి ఇన్నేళ్ళు?"

"మా ఆవిడ ఇంటి నుంచి పని చేస్తుందమ్మా. ఆవిడ లేకపోతే ఒక్క వారం కూడా నడవదు. నాకేముంది, ఎక్కితే నిద్ర, దిగితే భోజనం." దిండు సర్దుకున్నాడు. "ఇల్లు మాత్రం బంగారం. అంత పెరడు ఎడిసన్‌లో ఎవడిస్తాడు? మావాడు ఆ పెరట్లోనే సాకర్ నేర్చుకున్నాడు."

"మంచిగ ఆడతడా?"

"ఆడతాడంటమ్మా. వీక్‌డే గేములకి నేను వెళ్ళలేదు. వాళ్ళమ్మ వీడియో తీసి పంపిస్తుంది, బస్సులో చూసుకుంటా." ఏ దిగులూ లేకుండానే చెప్పాడు. ఫోన్ తీసి ఒకటి చూపించాడు కూడా. దూరంగా ఎర్ర చొక్కా పిల్లాడు పరుగెడుతున్నాడు, వీడియో తీస్తున్న ఆవిడ గొంతు మాత్రం దగ్గరగా వినబడుతోంది. చూసి బాగుందన్నాను. ఆయన రెండు నిమిషాల్లో నిద్రపోయాడు.

టన్నెల్ దాటేసరికి ఐదూ ఇరవై. టర్న్‌పైక్ హైవే మీద బస్సు కాసేపు పరుగెత్తింది, నాకు ప్రాణం లేచొచ్చింది. మనసులో లెక్కలు వేసుకున్నాను. ఇలాగే పోతే ఆరూ పదికి దిగుతాను, పరుగెత్తితే ఆరూ ఇరవై, అయిదు పది నిమిషాలు ఎవరూ పట్టించుకోరు, టీచర్‌ని బతిమాలుకోవచ్చు, పండక్కి స్వీట్లిస్తే స్నేహం చేసుకోవచ్చు. 78 ఎక్కగానే ముందంతా ఆగిన కార్ల ఎర్ర దీపాలు. దారిలో కొండ ఎక్కే ఒక చోట బస్సు నడిచే మనిషి కంటే నెమ్మదిగా పోయింది. అప్పుడే ప్రవీణ్ నుంచి మెసేజ్‌లు మొదలయ్యాయి.

ముందే చెప్పాల్సింది ఒకటుంది. వాళ్ళిద్దరూ ఐదున్నర నుంచీ ఆ స్కూలు దగ్గరే ఉన్నారు. ప్రవీణ్ అనుకున్నది కార్లో కూర్చుని నా టైము చూసుకోవడం. సాన్వి ఒప్పుకోలేదట. అమ్మ రిహార్సల్ చేస్తుంటే తనెందుకు చేయకూడదని దాని వాదన. వేచి ఉండే పిల్ల వేషం తనదంది. లోపలున్న టీచర్‌కి ప్రవీణ్ విషయం చెబితే ఆవిడ నవ్వి, గుమ్మం పక్క బెంచీ మీద కూర్చోమందట. ప్రవీణ్ కారు కాస్త దూరంగా పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు.

"జనం వస్తున్నారు పిల్లల కోసం" అని మొదటి మెసేజ్. తర్వాత, "ఇంకా ఇద్దరే మిగిలారు." ఆరింటికి, "లైట్లు ఆర్పేస్తున్నారు." నేను "సాన్విని కార్లోకి తీసుకో, చలిగ ఉంది" అని రాశాను. "రానంటోంది. అమ్మ వచ్చేదాకా ఇదే గేమ్ అంటోంది" అని జవాబు. కిటికీ బయట చీకటి పడిపోయింది. అద్దంలో నా ముఖమే నాకు కనబడుతోంది. బస్సు దిగి పరుగెత్తి పోదామా అన్నంత పిచ్చి కోపం వచ్చింది నాకు, ఎవరి మీదో తెలియకుండా.

ఆరూ ముప్ఫై అయిదుకి దిగాను. దిగుతూ డ్రైవర్ దగ్గర ఆగాను. ఆఖరి ఆశ అది. ఈ ఒక్కరోజుకి ఏదో జరిగిందంటే చాలు, మిగతా రోజులు ఇలా ఉండవని నాకు నేను చెప్పుకోగలను.

"దారిలో యాక్సిడెంట్ ఏదైనా అయిందా?" అని అడిగాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. "లేదే. మంగళవారం కదా. ఇవాళ బాగానే వచ్చేశాం."

చెత్తకుండీ పక్క నా కారు అద్దానికి పసుపు కాగితం అంటించి ఉంది, పార్కింగ్ జరిమానా కాబోలు. చదవకుండా పక్క సీటు మీద పడేసి స్కూలుకి పోనిచ్చాను. పావు తక్కువ ఏడు. ఆ ఆవరణలో రెండే కార్లు, ఒకటి ప్రవీణ్‌ది. గుమ్మం పైన ఒక్క దీపం వెలుగుతోంది. దాని కింద బెంచీ మీద సాన్వి, టోపీ చెవుల మీదికి లాక్కుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఉంది. దాని పక్కన, కోటు వేసుకుని, తాళాలు చేతిలో పట్టుకుని ఆ టీచర్ కూర్చుని ఉంది. ప్రవీణ్ కారు దిగి దగ్గర్లోనే చేతులు రుద్దుకుంటూ నిలబడ్డాడు.

"మీరు వెళ్ళిపోవాల్సింది, వాళ్ళ నాన్న ఇక్కడే ఉన్నాడు కదా" అన్నాను టీచర్‌తో, రొప్పుతూ.

"చెప్పారు. కానీ ఈ బెంచీ మీద పిల్ల ఉండగా నేను తాళం వేసి వెళ్ళను, అది నాకు అలవాటు లేదు" అంది. తర్వాత మర్యాదగానే విషయం చెప్పింది. ఆరు దాటితే నిమిషాల లెక్కన ఫీజు ఉంటుంది, అది పెద్ద సంగతి కాదు, కానీ మాటిమాటికీ ఆలస్యమైతే సీటు తీసేయాల్సి వస్తుంది. "సిటీకి వెళ్ళే తల్లిదండ్రులు దగ్గర్లో ఎవరినైనా ఏర్పాటు చేసుకుంటారు. మీకు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?"

ఎవరూ లేరు. ఆవిడ వెళ్ళిపోయాక నేను బెంచీ మీద కూలబడ్డాను. అప్పటికీ నా నోరు ఊరుకోలేదు. "బేబీసిటర్‌ని పెట్టుకుందాం ప్రవీణ్. వారంలో మూడు రోజులే కదా. లేకపోతే మా మేనేజర్‌ని అడుగుత, మూడింటికి వెళ్ళనిమ్మని. రేపు ఇంకోసారి చూద్దాం, బుధవారం ఇంత ఉండదేమో."

"స్వప్నా, రేపు సాయంత్రానికి గడువు అయిపోద్ది" అన్నాడు ప్రవీణ్. "నువ్వు కావాలంటే కొందాం. తప్పు నాది, ఫ్రైడే చూడబట్టి ఇంత ఆశ పెట్టుకున్నావు. కానీ ఇది పాసైందని మాత్రం నేను చెప్పలేను."

అప్పుడు సాన్వి నా చెయ్యి లాగింది. దాని వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి.

"అమ్మా, రెడ్ జాకెట్ బాయ్ వాళ్ళ గ్రాండ్‌మా వచ్చింది. దెన్ ట్విన్స్ వాళ్ళ డాడ్ వచ్చాడు. దెన్ ఎవ్రీబడీ వెళ్ళిపోయింది."

"భయమైందా బంగారం?"

"నో. ఐ వజ్ జస్ట్ యాక్టింగ్." టోపీ సర్దుకుంది. "నాకు తెల్సు నువ్వు వస్తావ్. బట్ టీచర్‌కి తెలీదు కదా. షీ కెప్ట్ లుకింగ్ ఎట్ ద రోడ్."

నాకు ఏడుపొచ్చింది. దాన్ని దగ్గరికి లాక్కుని దాని టోపీలో ముఖం పెట్టుకుని ఏడ్చాను. ఇల్లు పోతున్నందుకా, పిల్ల చలిలో కూర్చున్నందుకా అని అడిగితే రెండింటికీ అని చెబుతాను, సిగ్గేమీ లేదు. పొద్దుటి నుంచి నేను కూడబెట్టుకున్న సాకులన్నిటిలో ఒక్కటి కూడా దాని మాట ముందు నిలబడలేదు. కార్లో కూర్చుని హీటర్ పెట్టుకుని లాయర్‌కి ఈమెయిల్ రాశాను. వద్దని రెండు వాక్యాలు, అంతే. ప్రవీణ్ "ఇంకోసారి ఆలోచించుకుంటావా?" అన్నాడు. పంపించేశాను.

తిరిగి వెళ్తూ ఆ ఇంటి ముందు నుంచే వెళ్ళాం, ఆ వీధి తప్పించుకునే దారి లేదు. వంటింటి కిటికీలో దీపం ఉంది. అమ్మేవాళ్ళావిడ పొయ్యి దగ్గర నిలబడి ఏదో కలుపుతోంది. ఆవిడ వెనక ఆ తలుపు మూసే ఉంది. నేను ఆపితే వెనక ప్రవీణ్ కూడా కారు ఆపేవాడే. నేను ఆపలేదు.

ఇది రాస్తున్న నాటికి నెల దాటింది. ఆ ఇంటిని ఆ వారంలోనే ఇంకెవరో తీసుకున్నారు. మేము ఎడిసన్ అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నాం, సాన్వి మంచం హాల్లోనే ఉంది, నా కోటు ఇంకా పోపు వాసనే వేస్తోంది. ఇప్పుడు ట్రైను లైను పక్కనే చిన్న టౌన్‌హౌస్‌లు చూస్తున్నాం. వాటిలో దేనికీ పెరడు లేదు, వంటింటికి తలుపు లేదు. బాధ లేదని అబద్ధం చెప్పను, ఆ తలుపు ఇప్పటికీ కలలోకి వస్తుంది. శ్రీధర్ గారిని తప్పు పట్టను, ఆ ఊరినీ తప్పు పట్టను. ఇంట్లో ఒక మనిషి ఎప్పుడూ ఉండే కుటుంబానికి అది నిజంగా బంగారమే. మాకు కాదు, అంతే. ఇన్నాళ్ళూ నేను దూరాన్ని మైళ్ళలోనూ, గంటల్లోనూ, నా నడుము నొప్పిలోనూ కొలిచాను. ఆ దూరానికి అవతలి కొస ఒకటుందనీ, అక్కడ ఎవరో కూర్చుని రోడ్డు వైపు చూస్తుంటారనీ నాకు తట్టలేదు.

మీరు కూడా దూరంగా ఇల్లు చూస్తుంటే నేను చెప్పగలిగేది ఒక్కటే. ఆఫర్ వేయకముందే, మంగళవారమో బుధవారమో, నిజమైన ఆఫీసు రోజు చూసుకుని, సాయంత్రం ఇంటికొచ్చే ప్రయాణం చేసి చూడండి. కుదిరితే మీ కోసం ఎదురుచూసే మనిషిని నిజంగానే ఆ గుమ్మం దగ్గర కూర్చోబెట్టండి. మీరు దిగగానే గడియారం చూసుకోకండి, ముందు వాళ్ళ చేతులు పట్టుకుని చూడండి.